పల్లె చర్చి బడిలో ముప్పది చోట్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



ఛాందోగ్యోపనిషత్తునందు సత్యకామ జాబాలుని కథ కలదు. చదువు గోరి యా బాలుడు హారిద్రుమత గౌతముని ఆశ్రమమునకు పోయెను. గురువు గోత్రమేది యని యడిగెను. తన గోత్రము తల్లికే తెలియదని బాలుడు దాచక చెప్పెను. ఆ సత్యమునకు మెచ్చి గురువు వానిని శిష్యునిగా గైకొనెను. మహాభారతమున ఏకలవ్యుని కథ ఇందుకు విరుద్ధము. విలువిద్య నేర్వవచ్చిన ఆ బాలుని ద్రోణుడు నిషాదుడని మరల్చెను. ఒక గురువు ఔననెను, ఒక గురువు కాదనెను. ఇద్దరు బాలురకును ముందుగా తెలిసిన నియమ మేదియు లేదు. గురువు మనస్సే నియమము.

బడి గుమ్మమున నిలిచిన పిల్లలలో ఎవరిని లోనికి పిలువవలెను, ఎవరిని మరలింపవలెను అను ప్రశ్న నేటికిని తీరినది కాదు. గురువు మనస్సునకు బదులు వ్రాతలోనున్న నియమము ఆ పని చేయగలదా? చేసినచో అందు న్యాయమెంత, అన్యాయమెంత? ఈ విచారణకు ఇంగ్లండు దేశపు పల్లెలలోని చర్చి ప్రాథమిక పాఠశాలలు చక్కని ఉదాహరణము. అచ్చటి పెక్కు పల్లెలలో ఊరికంతకు బడి యొక్కటే. ఆ బడి చర్చిది. ఊరివారందరు చర్చికి పోవువారు కారు. బడి ఊరిదా, చర్చిదా యను ప్రశ్న ప్రవేశముల నాడే బయటపడును.

ఈ బళ్ళు పుట్టిన విధము ముందుగా తెలియవలెను. 1811వ సంవత్సరమున ఇంగ్లండు చర్చి పెద్దలు నేషనల్ సొసైటీ అను సంఘమును స్థాపించిరి. బీదల పిల్లలకు తమ చర్చి మతసూత్రముల ననుసరించి చదువు చెప్పించుట దాని యుద్దేశము. అప్పటికి ప్రభుత్వమునకు బళ్ళ ఊసు లేదు. పెక్కు పల్లెలలో భూస్వామి స్థలమిచ్చెను, చర్చి గురువు చందాలు పోగుచేసెను, చర్చి ప్రక్కనే ఒకటి రెండు గదుల బడి లేచెను. 1833లో పార్లమెంటు తొలిసారిగా బళ్ళ కట్టడములకై 20,000 పౌనులు మంజూరు చేసినపుడు ఆ ధనము ఈ సంఘమునకును, దీనితో పోటీగా నడచుచుండిన మరియొక సంఘమునకును ముట్టెను.

ప్రజల ధనము చేరినతోడనే ప్రజల ప్రశ్నయు చేరెను. చర్చి బడియే గతియైన ఊరిలో వేరు శాఖకు చెందిన క్రైస్తవుని బిడ్డ ఏమి కావలెను? 1870 నాటి విద్యాచట్టము దీనికి బదులు చెప్పినది. ప్రభుత్వ సహాయము పొందు ఏ ప్రాథమిక పాఠశాలయు బిడ్డను చేర్చుకొనుటకు చర్చికి రావలెనని గాని, రాకూడదని గాని షరతు పెట్టరాదు. మతబోధ బడివేళలకు మొదటనో చివరనో జరుగవలెను. ఇష్టము లేని తల్లిదండ్రులు బిడ్డను దానికి దూరముగా నుంచుకొనవచ్చును. మతబోధనుండి బిడ్డను తప్పించుకొను హక్కు నేటికిని నిలిచియున్నది.

1944 నాటి చట్టము చర్చి బళ్ళను ముఖ్యముగా రెండు తెగలు చేసెను. కంట్రోల్డ్ బడి యనగా ఖర్చంతయు ప్రభుత్వమే భరించునది. అందు ప్రవేశములు నిర్ణయించునది స్థానిక కౌన్సిలు. ఎయిడెడ్ బడి యనగా కట్టడముల ఖర్చులో కొంత చర్చి భరించునది. ఆ భాగము మొదట సగముండెను, నేడు సాధారణముగా పదవవంతు. ఉపాధ్యాయుల జీతములు ప్రభుత్వ ధనమే. ఎయిడెడ్ బడి పాలకవర్గమున చర్చి నియమించిన వారిదే ఆధిక్యము. ప్రవేశ నియమములను వ్రాయునది ఆ పాలకవర్గమే. 2010 తరువాత చాల బళ్ళు అకాడమీలుగా మారినవి. వాని ప్రవేశాధికారము అకాడమీ ట్రస్టులది. అన్నియు కలిపి ఇంగ్లండు చర్చి బళ్ళు నేడు సుమారు 4,600. ప్రభుత్వ ధనముతో నడచు ప్రాథమిక పాఠశాలలలో ఇంచుమించు నాల్గవవంతు ఇవియే.

ఇక ప్రవేశము జరుగు తీరు. బిడ్డకు నాలుగేండ్లు నిండిన పిమ్మట వచ్చు సెప్టెంబరులో రిసెప్షన్ అను మొదటి తరగతి మొదలగును. తల్లిదండ్రులు అంతకుముందు జనవరి 15వ తేదీలోపున తాము నివసించు ప్రాంతపు కౌన్సిలుకు దరఖాస్తు పంపవలెను. అందు కనీసము మూడు బళ్ళ పేర్లను తమ ఇష్టక్రమమున వ్రాయవచ్చును. మతము ననుసరించి ప్రాధాన్యమిచ్చు బడిని కోరువారు ఆ బడికి వేరొక పత్రము కూడ పంపుదురు. చర్చికి వచ్చుట నిజమేయని గురువు దానిపై సంతకము చేయును. ఏప్రిల్ 16వ తేదీన, ఆ దినము సెలవైనచో మరుసటి పనిదినమున, దేశమంతట ఒకేనాడు ఫలితము తెలియును.

చోట్ల సంఖ్యయు ముందే ప్రకటింపబడియుండును. 1998 నాటి చట్టము ప్రకారము, ఐదు నుండి ఏడేండ్ల పిల్లలు గల తరగతులలో ఒక ఉపాధ్యాయునకు 30 మందికి మించి యుండరాదు. కావుననే ఒక్క తరగతి గల బడిలో 30 అను సంఖ్య గోడవలె నిలుచును. ఈ గోడకును ఒక చిన్న ద్వారము కలదు. కవలలలో ఒకరు ముప్పదవ చోటున చేరి రెండవవారు వెలుపల మిగిలినచో, ఆ రెండవవారినికూడ చేర్చుకొనవచ్చును. తోబుట్టువులను గుమ్మము కడ విడదీయుటకు చట్టమునకును మనసొప్పలేదు.

ఇందు మొదటి సూత్రము గమనింపదగినది. దరఖాస్తులు చోట్లకు మించకున్నచో ఎంపిక అను మాటయే లేదు. హిందువుల బిడ్డయైనను, ముసల్మానుల బిడ్డయైనను, ఏ మతమును లేనివారి బిడ్డయైనను, అడిగిన ప్రతి బిడ్డకును చోటీయవలెను. చోటు ఖాళీగానున్నను మనవాడు కాడని త్రోసివేయు అధికారము ఏ చర్చి బడికిని లేదు. పిల్లలు చోట్లకు మించినపుడే వరుసక్రమము పనిచేయును.

ఆ వరుసలో కొంత భాగము దేశమంతటికి ఒకటే. ప్రత్యేకావసరములు గల బిడ్డకు కౌన్సిలు వ్రాసియిచ్చిన పత్రమున ఆ బడి పేరున్నచో, ఆ బిడ్డను ముందుగానే చేర్చుకొనవలెను. వరుసలో మొదటి మెట్టు కౌన్సిలు పోషణలో నున్నవారిది, ఒకప్పుడట్లుండి పిదప దత్తతకో బంధువుల సంరక్షణకో పోయినవారిది. చర్చి బడి కోరినచో వీరిలో తన మతమువారిని ముందుంచవచ్చును. అయినను మిగిలినవారిని గూడ తన మతము కాని ఇతర పిల్లలందరికంటె ముందే నిలుపవలెను. అడుగుటకు తల్లిదండ్రులు లేని బిడ్డకు చట్టమే తల్లియై ముందువరుస నిచ్చినది. ఈ యొక్క నిబంధన చాలును, ఆ నియమావళి వ్రాసినవారి హృదయము తెలియుటకు.

ఆ పైని మెట్లు పాలకవర్గము నిర్ణయమునకు విడువబడినవి. అన్నయో అక్కయో అదే బడిలో చదువుచుండుట, ఊరి పొలిమేరలో నివసించుట, చర్చికి క్రమముగా పోవుట, ఇంటికిని బడికిని గల దూరము అనునవి వాడుకలో నున్నవి. దూరమును పలుచోట్ల సరళరేఖలో కొలుతురు. ఇద్దరి దూరము సమానమైనచో చీటీలు వేయుదురు. చీటీ తీయుచుండగా చూచుటకు బడితో సంబంధము లేని మనుష్యుడుండవలెను.

చేయరాని పనుల పట్టికయు నియమావళిలో కలదు. తల్లిదండ్రులనుగాని బిడ్డనుగాని పిలిచి ప్రశ్నింపరాదు. తండ్రి ఉద్యోగము, ఆదాయము, చదువు అడుగరాదు. తల్లి వివాహిత యగునా కాదా యని విచారింపరాదు. బిడ్డ ఛాయాచిత్రము కోరరాదు. బడికో చర్చికో విరాళమిచ్చిన వారికి ముందుచోటు ఈయరాదు. తమ బడి పేరు మొదట వ్రాసిరని ఎక్కువగాను, రెండవదిగా వ్రాసిరని తక్కువగాను చూడరాదు. సత్యకామునికి మేలుచేసినది గురుశిష్యుల ముఖాముఖి సంభాషణయే గదా, దానిని నిషేధించుట తగునా యని తోచవచ్చును. కాని గౌతముని వంటి గురువులు అరుదు. ముఖాముఖి ప్రశ్నలో మాటకారి తండ్రి గెలుచును, మంచిబట్టలు గెలుచును. కూలిచేసుకొను తల్లి నోట మాట రాక ఓడును. అందుచేతనే కాగితమును నమ్మిరి.

కాగితమును నమ్మినంత మాత్రమున న్యాయము సిద్ధించునా? ఇచ్చట లెక్క వేసి చూడవలెను. ఉదాహరణకై ఒక ఎయిడెడ్ బడి ననుకొందము. చోట్లు 30, దరఖాస్తులు 41. అందు ప్రత్యేకావసర పత్రము గలవారు ఒకరు. కౌన్సిలు పోషణలోని వారు ఇద్దరు. తోబుట్టువులు బడిలో నున్నవారు 10 మంది. ఊరిలో నివసించుచు చర్చికి పోవు కుటుంబముల వారు ఆరుగురు. ఊరిలోనే యుండి చర్చికి పోనివారు 9 మంది. పొరుగూళ్ళనుండి ఈ చర్చికి వచ్చు కుటుంబముల వారు ఐదుగురు. తక్కినవారు ఎనమండుగురు, పొరుగూళ్ళవారు.

మెట్లను ఈ వరుసనే నడిపినచో, ఊరివారందరు చేరునప్పటికి 28 చోట్లు నిండును. మిగిలిన రెండును పొరుగూరినుండి చర్చికి వచ్చువారిలో ఇల్లు దగ్గరైన ఇద్దరికి పోవును. పదునొకండుగురు మరలిపోవుదురు; ఆ మరలువారిలో ఊరి బిడ్డ ఒక్కరును ఉండరు.

ఇపుడు ఒక్క పంక్తిని పైకి జరుపుదము. పొరుగూరినుండి చర్చికి వచ్చువారిని, ఊరిలోనుండి చర్చికి రానివారికంటె ముందుంచుదము. అపుడు 24 చోట్లు నిండిన పిమ్మటనే ఊరిలోని తొమ్మండుగురి వంతు వచ్చును. చోట్లు ఆరు, ముగ్గురు ఊరిబిడ్డలు వెలుపల నిలుతురు. బడి గంట వారి ఇంటికి వినబడుచుండును, కాని వారు మాత్రము ప్రొద్దుననే వాహనమెక్కి పొరుగూరి బడికి పోవలెను. మారినది ఒక్క పంక్తి. ఎవరును అబద్ధమాడలేదు, ఎవరును లంచము పుచ్చుకొనలేదు, లెక్క తప్పలేదు. అయినను నాలుగేండ్ల బిడ్డలు ముగ్గురు తమ తోడివారినుండి వేరైరి. నియమమును పాటించుటలో న్యాయమున్నది సరే. నియమమును వ్రాయుటలో అంతకు మించిన న్యాయమో అన్యాయమో కలదు.

చర్చికి పోవుటను మెట్టుగా పెట్టవచ్చునని చట్టమే యనుమతించినది. 2010 నాటి సమానత్వ చట్టము ప్రవేశములలో మతభేదము చూపరాదని చెప్పుచునే, మతసంబంధమైన బళ్ళకు మినహాయింపు నిచ్చినది. 1870 నాటి మాటకును దీనికిని వైరుధ్యము లేదా యని శంక కలుగును. చర్చికి పోవుట ప్రవేశమునకు షరతు కాదు, చోట్లు చాలనపుడు ప్రాధాన్యము మాత్రమే యని సమాధానము. కాని ముప్పది చోట్లు నిండిన తరువాత వెలుపలనున్న బిడ్డకు షరతునకును ప్రాధాన్యమునకును భేదమేమి?

ఈ ప్రాధాన్యమును సమర్థించువారి వాదమును ఆలకింపవలసినదే. బడి చర్చి కట్టినది; ఇప్పటికిని కట్టడపు ఖర్చులో దాని భాగము కలదు. తమ బిడ్డలు తమ విశ్వాసమున పెరుగవలెనని కోరు తల్లిదండ్రుల కోరిక అక్రమము కాదు. అట్టివారే లేనిచో చర్చి బడికి చర్చి బడి యను పేరెందుకు? వాదమున బలమున్నది. దీనికి ఎదురుగా నిలుచు వాస్తవములును బలమైనవే. జీతములు పన్నులనుండి వచ్చుచున్నవి. ఆ పన్ను చర్చికి రానివాడును చెల్లించుచున్నాడు. మంచిపేరు గల బడి యున్నచోట, బిడ్డ ప్రవేశము దగ్గరపడుకొలది ఆదివారపు హాజరు పెరుగుటయు, చోటు దొరకిన పిమ్మట తరుగుటయు అచ్చట అందరెరిగిన మాట. అట్టి హాజరుపై గురువు సంతకము చేయవలెను. ఆయన ఎరుగునది రాకను మాత్రమే, భక్తిని కాదు. భక్తిని కొలుచు గజపుబద్ద యేదియు లేదు. ఆదివారముకూడ పనికి పోవలసిన తల్లి ఎంత భక్తురాలైనను ఆ పట్టికలో వెనుకబడును. 2020లో కోవిడ్ వ్యాధిచేత చర్చిలు మూతపడినపుడు, చర్చి తెరచియున్న దినములకు మాత్రమే హాజరు చూడవలెనని నియమములలో క్రొత్త పంక్తి చేర్చవలసివచ్చెను. తలుపు మూసినచో కొలతయే ఆగిపోయినది. అది కొలుచుచుండినది రాకపోకలనే గాని విశ్వాసమును కాదని అప్పుడు తేటతెల్లమైనది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట వేరొకటి కలదు. సత్యకాముడు తన మాట తానే చెప్పుకొన్నాడు. గురువు వాని గుణమును చూచెను. నాలుగేండ్ల బిడ్డ దేనిని చెప్పుకొనగలదు? చర్చికి పోవుటయు పోకుండుటయు తల్లిదండ్రుల నడత. పరీక్ష వారిది, ఫలితము బిడ్డది. ఇల్లు దగ్గరనుటయు తల్లిదండ్రుల స్థితియే గదా యనవచ్చును. నిజమే, మంచిబడి ప్రక్కన ఇండ్ల అద్దె పెరుగును, ధనవంతుడే దగ్గర కాగలడు. లోపములేని మెట్టు లేదు. అయినను పల్లెలో దగ్గరతనమున ఒక అర్థము కలదు: ఒకే వీధిలో ఆడుకొను పిల్లలు ఒకే బల్లపై కూర్చుందురు. అనేక చర్చి బళ్ళ పాలకవర్గములు ఈ మాట గుర్తెరిగి, మతపు మెట్టును తామే విడిచి, ఊరి పిల్లలకును తోబుట్టువులకును ముందుచోటిచ్చుచున్నవి. బీదల చదువుకై పుట్టిన బళ్ళకు అది తొలినాటి ఉద్దేశము వైపు మరలుటయే.

చోటు దొరకని వారికి ఏది దిక్కు? ఈ విషయమున ఆ దేశపు ఏర్పాటు మెచ్చదగినది. కారణమును వ్రాతమూలకముగా తెలుపవలెను. తల్లిదండ్రులు అప్పీలు చేయవచ్చును. వినువారు ముగ్గురుగాని అంతకెక్కువగాని యుందురు. వారు బడికిని కౌన్సిలుకును లోబడినవారు కారు. వారి తీర్పునకు బడి తలయొగ్గవలెను. అయితే 30 అను గోడ అడ్డమున్న తరగతులలో అప్పీలునకు బలము తక్కువ. నియమము తప్పుగా నడపబడినదనియో, ఆ నిర్ణయము వివేకవంతులు చేయదగినది కాదనియో తేలవలెను. కేవలము కష్టము చూపిన చాలదు.

వేచియుండువారి జాబితా డిసెంబరు 31వరకైన నుంచవలెను. ఇది మన వరుసవంటిది కాదు. ముందు వచ్చినవారికి ముందు అను మాట ఇందు లేదు. క్రొత్త పేరు చేరిన ప్రతిసారియు మెట్ల ననుసరించి జాబితా నంతటిని తిరిగి వ్రాయుదురు. నిన్నటిదాక రెండవ పేరుగా నున్న బిడ్డ నేడు నాల్గవ పేరు కావచ్చును. తల్లికిది దుస్సహము, కాని ముందుగా తెలిసికొని ముందుగా పరుగెత్తగలవాడే గెలుచుట ఇంతకంటె అన్యాయమని వారి తలంపు.

నియమమే తప్పని తోచినవారికి వేరు మార్గము కలదు. పాలకవర్గము నియమములు మార్చదలచినచో అక్టోబరు 1 మొదలు జనవరి 31లోపున కనీసము ఆరు వారములు ప్రజల అభిప్రాయము అడుగవలెను. మార్పు లేకున్నను ఏడేండ్లకొకసారి అడుగవలెను. ఫిబ్రవరి 28 నాటికి నిర్ణయింపవలెను. అది అన్యాయమని తోచినచో మే 15లోపున పాఠశాలల న్యాయనిర్ణేతకు ఎవరైనను వ్రాసుకొనవచ్చును. ఇదంతయు బిడ్డలు చేరుటకు ఏడాదికి పైగా ముందు జరుగును. ఏ బిడ్డ పేరును కాగితముపైకి రాకమునుపే వరుస స్థిరపడవలెననుట ఇందలి రహస్యము. పేర్లు తెలిసిన పిమ్మట వ్రాసిన నియమము నియమము కాదు, పక్షపాతమునకు తొడిగిన అంగీ.

ఇంతయు చెప్పిన పిదప మరియొక నిజమును చెప్పకున్న చిత్రము వికృతమగును. పోటీ గల పల్లెబళ్ళు కొన్ని మాత్రమే. జననములు తగ్గుటచేతను, పడుచు దంపతులకు పల్లెలలో ఇండ్ల ధరలు అందకపోవుటచేతను, చోట్లు మిగులు బళ్ళు అనేకము. అచ్చట వరుసక్రమము కాగితముననే నిద్రించును. వేర్వేరు ఈడుల పిల్లలు ఒకే గదిలో కూర్చుందురు. ఎవరిని చేర్చుకొందుమను చింత పోయి ఎవరైన వత్తురా యను చింత వచ్చును. పల్లెబడిని సులభముగా మూయరాదను భావనకు ప్రభుత్వ మార్గదర్శకములలో స్థానము కలదు, అయినను మూతపడుచున్నవి. నిన్న ఊరి బిడ్డను మరల్చిన బడి నేడు ఊరి బిడ్డకై ఎదురుచూచుట కాలము చెప్పు పాఠము.

ఈ విషయము తెలుగువారికి పరాయిది కాదు. ఆ ఇంగ్లండు చర్చికి చెందిన మిషనరీ సంఘమే రాబర్టు నోబిలును బందరునకు పంపినది. 1843లో ఆయన అచ్చట ఇంగ్లీషు బడి తెరచెను. 1947లో ఆ చర్చి వారసత్వము దక్షిణ భారత సంఘమున కలిసినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 29వ అధికరణమున, ప్రభుత్వ సహాయము పొందు విద్యాసంస్థ కేవలము మతము, జాతి, కులము, భాష కారణముగా ఏ పౌరునికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. 30వ అధికరణమున అల్పసంఖ్యాకులకు తమ సంస్థలను తామే నడుపుకొను హక్కు నిచ్చినది. ఈ రెండు హక్కుల నడుమ త్రాసుముల్లు ఎచ్చట నిలువవలెనని మన న్యాయస్థానములును పలుమార్లు విచారించినవి. ప్రశ్న అదే, దేశములు వేరు.

గ్రంథాలయమునందును ఇట్టి ప్రశ్న చిన్నరూపమున నిత్యము ఎదురగును. పుస్తకమొకటి, కోరువారు పదిమంది. కాని పుస్తకము కొలది దినములకు తిరిగివచ్చును. మరియొకరి చేతికి పోవును. బడిలో చోటు ఏడేండ్లది. ఒకసారి మరలిన బిడ్డకు ఆ బాల్యము మరల రాదు. కావున గుమ్మమున నిలిచి జాబితా వ్రాయువారు, బడివారైనను మరెవ్వరైనను, మూడు మాటలు మరువరాదు. పేర్లు తెలియకముందే నియమము వ్రాయవలెను. వ్రాసిన నియమమును అందరి యెదుట చదువవలెను. చదివిన పిమ్మట, ఆ నియమముచేత వెలుపల మిగులు చివరి బిడ్డ యెవరో లెక్కవేసి చూచి, ఆ బిడ్డ తల్లికి తలవంచక కారణము చెప్పగలమా యని తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను. చెప్పజాలనిచో మార్చవలసినది బిడ్డ చోటును కాదు, నియమపు పంక్తిని.

స్వస్తి.